బాపమ్మ ఇస్తానన్న చర్మం

పోయిన నెల మా బాపమ్మ చనిపోయింది. తొర్రూరు నుంచి మేనత్త ఫోన్ చేసి, "బిడ్డా, మీ బాపమ్మ పోయింది. మీ అమ్మతోని చెప్పు, ఇగనన్న రమ్మను" అన్నది. చెప్పాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

బాపమ్మ అంటే నాన్న తల్లి. వరంగల్‌లో మా ఇంట్లో మగ్గాలుండేవి. నూలుకు రంగు వేసే పని ఆమెది. ఎంత రుద్దినా ఆమె గోళ్లలో నీలం పోయేది కాదు. నాకు ఆరేళ్లప్పుడు ఒకరోజు మరిగే రంగునీళ్ల గిన్నె పొయ్యి మీద నుంచి దించి, నూలు తేవడానికి లోపలికి వెళ్లింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి దాని మీద పడ్డాను. ఎడమ చెయ్యి, ఛాతీ కాలిపోయాయి.

దవాఖానలో డాక్టరు నా తొడ మీది చర్మం పలుచగా తీసి కాలినచోట అతికించాలన్నారు. బాపమ్మ ఆయన చేతులు పట్టుకుంది.

"పసిపోరి సారూ, దాన్నెందుకు కోస్తరు? నా తోలు తీస్కోండ్రి."

"వేరేవాళ్లది నిలవదమ్మా. పాపదే కావాలి."

ఆమె నమ్మలేదు. ముసలి తోలని వద్దన్నారనే చివరిదాకా అనుకుంది.

ఆపరేషన్ తర్వాత కాలినచోటు కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది. దుప్పటి తగిలినా అరిచేదాన్ని. బాపమ్మ మంచం పక్కన నిలబడి, దుప్పటి అంచును రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేది. ఎంతసేపైనా దించేది కాదు. "జర ఓర్చుకో బిడ్డా, కొత్త తోలు వస్తాంది" అనేది.

ఒకనాడు వార్డంతా వినేలా అరిచాను. "నువ్వే కాల్చినవ్. నువ్వు పో!"

అమ్మ నన్ను ఆపలేదు. "ఇన్నవు గదా అత్తా" అన్నది.

బాపమ్మ దుప్పటి అంచును మెల్లగా అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు. తొర్రూరులో కూతురి దగ్గరే ఉండిపోయింది.

పెద్దయ్యాక నా మాట ఆమెను ఎంత కోసిందో నాకు తెలిసింది. తెలిశాక కూడా ఏళ్లు గడిపాను. ఒక్కసారే, క్షమించమని అడగడానికి వెళ్లాను. నేను కూర్చోకముందే అడిగింది.

"తొడ ఇంకా మండుతాందా బిడ్డా?"

"లేదు బాపమ్మా. ఎప్పుడో మానింది."

"అవునా? నాకెవ్వలు చెప్పలే."

క్షమించమని అడగలేదు. బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

ఆమె పోయిన రోజు కూడా, అమ్మ మనసు మార్చుకుంటుందేమోనని మధ్యాహ్నం దాకా చూశాను. నేను తొర్రూరు చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె మంచాన్ని కడిగి గోడకు నిలబెట్టారు. నులక నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.