పాపని ఫొటో అడిగిన అన్నయ్య

ఈ రోజు పొద్దున్న అత్తమ్మతో రేషన్ డిపోకి వెళ్లాను. చేపలు కోసి కోసి ఆవిడ వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఎంత నొక్కినా వేలిముద్ర మిషన్ ఒప్పుకోవడం లేదు. ఈలోగా మాతో వచ్చిన మా ఎనిమిదేళ్ల పాప అల్లరి చేయకుండా నా ఫోన్ దాని చేతికిచ్చాను.

"అమ్మా, నాకో ఫొటో తియ్యి. స్కూల్ డ్రెస్సులో కావాలంటన్నాడు అన్నయ్య."

"ఏ అన్నయ్యే?"

"ఆటలో అన్నయ్య."

ఫోన్ లాక్కుని, ఆ ఆట నీ వయసు అడగలేదా అన్నాను.

"అడిగినాది. పద్దెనిమిదని నొక్కీసినాను."

అది విని అత్తమ్మ డీలర్ మీద పడింది. "కేజీ బియ్యానికి ముసల్దాని ఏలు అరగదీస్తన్నారు. ఇంత పిల్లని ఆ ఫోన్లోకి ఎలా రానిచ్చినార్రా మీ గవర్నమెంటోళ్లు?"

"ఫోను గవర్నమెంటు ఇచ్చినాదేటి అప్పా? మీ కోడలే కదా ఇచ్చినాది!" అన్నాడు డీలర్.

వరుసలో అందరూ నవ్వారు. నేను తలెత్తలేదు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. కానీ ఫోన్లో ఇంగ్లీషు వస్తే నాకు చదివి చెప్పేది ఆ పాపే. దాన్ని నేనెలా కాపలా కాయను?

ఇంటికొచ్చి మా ఆయనతో ఆ ఆట తీయించేశాను. సాయంత్రం పాప ఏడుపు ముఖంతో వచ్చింది.

"అన్నయ్య మనూరు వస్తానన్నాడమ్మా. ఇప్పుడు మనిల్లు ఎవరు సెప్తారు?"

అప్పటి నుంచి వీధిలో బండి ఆగితే చాలు, లేచి చూస్తున్నాను. మీ పిల్లలకి ఇలాంటి అన్నయ్యలు ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి, నాకూ చెప్పండి.