రాయి ఉన్నచోట తంగేడు కొమ్మ

మా చిన్నతనంలో ఒక పొద్దున... రామన్నపేట బాట మీద దుమ్ము లేపుకుంటూ ఎర్ర ట్రాక్టర్ ఒకటి మా ఊళ్లోకి వచ్చింది. అంతకుముందు ట్రాక్టర్‌ను దగ్గర నుంచి చూసినవాళ్లు మా వాడలో లేరు. పిల్లలమంతా దాని వెంట ఉరికాం. మా అమ్మ మాత్రం గడపలోనే నిలబడి, దాని పక్కన బిగించిన పొడుగాటి కత్తినే చూసింది. దానికి రంపానికి ఉన్నట్టు పళ్లున్నాయి.

మా ఊరి పెద్ద భూస్వామి పటేల్ తన కంచె కోయడానికి తెప్పించిన మిషిను అది. గడ్డి కోసం దున్నకుండా వదిలిన భూమిని మా వైపు కంచె అంటారు. ఈ చివర నుంచి కేకేస్తే ఆ చివరికి వినపడదు, అంత పెద్దది. ఏటా దసరా దాటాక మా అమ్మ నర్సమ్మ, వాడలోని ఆడవాళ్లు ఇరవై రోజులు నడుములు వంచి కొడవళ్లతో కోసేవారు. కూలితో పాటు గడ్డిలో వాటా దక్కేది. ఎండాకాలమంతా మా బర్రె బతికేది ఆ వాటా గడ్డితోనే...

నాయిన దూరాన నాగార్జునసాగర్ కట్ట పనిలో ఉండేవాడు. ఇంట్లో మాకు చెప్పుకోదగ్గ ఆస్తి ఆ బర్రె ఒక్కటే, అదీ చూడితో ఉంది. మిషిను కోస్తే మాకు వాటా ఎక్కడిది? గడ్డి లేకపోతే బర్రెను అంగడికి తోలి అమ్ముకోవాల్సిందే.

అమ్మ నలుగురిని వెంటేసుకుని పటేల్ దగ్గరికి పోయింది. ఊరి పెద్దమనుషులంతా మిషిను చుట్టూ మూగి ఉన్నారేమో, ఆయన మహా హుషారుగా ఉన్నాడు.

"మిషిను ఇడిసిపెట్టిందంతా మీదే, కోసుకపోండ్రి" అన్నాడు.

అది గుండు గీసినట్టు కోస్తుంది, మిగిలేదేముందిలే అని ఆయన ధీమా. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. "అందరు ఇన్నరు గద" అని మాత్రం అని వచ్చేసింది.

నల్గొండ నుంచి వచ్చిన డ్రైవర్ పేరు యూసుఫ్ భాయ్. వచ్చీరాగానే కోత మొదలుపెడతాడనుకున్నాం... ఊహూ. ముందు మంచు ఆరాలన్నాడు, తడి గడ్డి కత్తి పళ్లకు చుట్టుకుంటుందట. ఆ తర్వాత, రాళ్లు ఎక్కడెక్కడున్నాయో ఎవరికి తెలుసని అడిగాడు. మా నేల సంగతి తెలిసిందే కదా... గడ్డి మాటున ఎక్కడ ఏ రాతి గుండు ఉందో ఎవరికీ కనపడదు. రాయి తగిలితే పళ్లు విరుగుతాయి, కొత్తవి పట్నం నుంచి రావాలి. పటేల్ అటూ ఇటూ చూసి చివరికి మా అమ్మనే పిలిచాడు. ఆ కంచెలో ఆమె కొడవలికి తగలని రాయి లేదు మరి.

అమ్మ తంగేడు కొమ్మలు విరిచి నా చంకలో పెట్టింది. రాయి ఉన్నచోటల్లా ఒక కొమ్మ నాటాలి. డ్రైవర్ కొమ్మను చూసి తప్పించుకుని పోతాడు. కొమ్మ చుట్టూ మిగిలిన గడ్డి మాది...

నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. తెలివి మాత్రం అంతకు రెండింతలుండేది! అమ్మ ముందు నడుస్తుంటే, గడ్డి నా నడుము దాకా పెరిగిన చోట్లు చూసి మరీ నాలుగు కొమ్మలు అదనంగా నాటేశాను. అక్కడ రాయీ లేదు, రప్పా లేదు.

యూసుఫ్ భాయ్ కోత చూసి తీరాలి. అంచు పట్టుకుని చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేవాడు. కత్తి కుడి పక్కన ఉంటుంది కాబట్టి, కోయాల్సిన గడ్డి ఎప్పుడూ కుడివైపే ఉండాలట. ఆయన అట్లా తిరుగుతుంటే మా వాడ ముసలమ్మలు, గుడి చుట్టూ తిరిగినట్టే తిరుగుతున్నాడని మురిసిపోయారు. మూల వచ్చినప్పుడల్లా కత్తి లేపి, గుండ్రంగా తిప్పుకుని, మళ్లీ దించేవాడు. తొందర లేదు, ఒకటే వేగం. మొదటి చుట్టులో చక్రాల కింద నలిగిన గట్టు వార గడ్డిని అన్నిటికన్నా చివర్లో, ఎదురు తిరిగి వచ్చి కోశాడు.

రెండో రోజు పొద్దు వాలేసరికి కోత ముగిసింది. కొత్తగా పని నేర్చుకున్న మంగలి చేతిలో పడ్డ తలలాగా ఉంది కంచె... ఎక్కడికక్కడ కుచ్చులు! మూలలు నాలుగూ అట్లాగే మిగిలాయి. పటేల్ ముఖం మాడిపోయింది. కానీ నలుగురిలో అన్న మాటాయె.

మర్నాడు పొద్దున్నే మావాళ్లు కొడవళ్లతో దిగారు. నేను నాటిన ఒక కొమ్మ దగ్గర అమ్మ కోత ఆపింది. కాలితో నేల తడిమింది. రాయి లేదు. నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

కొట్టలేదు. మిగతా మూడు చోట్లు నా చేతనే చూపించి, ఆ గడ్డినంతా వేరుగా మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని నేరుగా పటేల్ గడ్డి వామి దగ్గరికి నడిచింది. మన బర్రెకు కావాలని ఏడుస్తూ నేను వెనకే పోయాను.

"గీ మోపు మీది పటేలా. గాడ రాయి లేదు, నా బిడ్డ తెల్వక కొమ్మ నాటింది" అని వామి పక్కన దించింది.

పటేల్ ఆ మోపును, అమ్మను మార్చి మార్చి చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నెమ్మదిగా అంది... "రాయి లేని కాడ నువ్వు కొమ్మ నాటితె, రేపు రాయి ఉన్న కాడ నేను నాటినా ఎవలు నమ్మరు బిడ్డా."

ఆ మోపు పోయినా, ఆ ఏడు మాకు వచ్చిన గడ్డి ఏ ఏటి వాటా కన్నా ఎక్కువే. బర్రె అంగడికి పోలేదు, ఎండాకాలంలో మా కొట్టంలోనే ఈనింది. ఆ జున్ను రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది... మరుసటి ఏడు ట్రాక్టర్ ఊళ్లోకి రాకముందే పటేల్ కబురు పంపాడు, నర్సమ్మ వచ్చి కొమ్మలు నాటాలని. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ పని మా అమ్మదే, మిగిలిన గడ్డీ మావాళ్లదే.

ఈమధ్య అటువైపు పోయాను. గుండ్లన్నీ పగలగొట్టి నేల చదును చేశారు. పెద్ద మిషిను చూస్తుండగానే కోసేసింది, మూలల్లో కూడా పోచ మిగల్లేదు. మంచి పనితనమే, కాదనను...

మీ ఊళ్లో మొదటి ట్రాక్టర్ దిగిన రోజు మీ ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో గుర్తుంటే రాయండి, చదవాలని ఉంది. నాకైతే ఇప్పటికీ గర్వమే... అంత పెద్ద మిషిను, మా అమ్మ కొమ్మ నాటిందంటే చాలు, మారుమాట లేకుండా పక్కకు తప్పుకుని పోయేది.