రేడియేటర్లో పోసిన పసుపు

మొన్న కాకినాడలో మా కారు రిపేరుకిస్తే, ఆ మెకానిక్కు సాయంత్రం బిల్లుతో పాటు విప్పేసిన పాత వాటర్ పంపును కూడా ఓ సంచిలో వేసి నా చేతిలో పెట్టాడు. కొత్తది వేశాడని నమ్మకం కుదరడానికట, ఈ మధ్య అందరూ అడిగి మరీ పట్టుకెళ్తున్నారట. ఈ తుక్కు ఇంటికెందుకండీ అని మా ఆవిడ విసుక్కుంది గానీ, నాకు మాత్రం సిగ్గుతో మొహం వేడెక్కిపోయింది. ఎందుకంటే నేనూ ఒకప్పుడు మెకానిక్కునే, నన్ను మాత్రం ఎవరూ అలా అడగలేదు.

కువైట్లో సబ్హాన్ అనే చోట కార్ల రిపేరు షెడ్లలో పనిచేసిన రోజులు నా ఈడువాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఎవరెవరో వాడి వదిలేసిన సెడాన్ కొనుక్కుని మనవాళ్ళు మురిసిపోయేవారు, మూడో నెలకల్లా మా షెడ్డు ముందు నిలబడేవారు. ఏసీ చల్లగా రాదు, గేరు పడేటప్పుడు కుదుపు, లేదంటే రేడియేటర్ కారడం. మొదటి రెండూ జేబుకే చిల్లు పెడతాయి, మూడోది ఆ దేశపు ఎండల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు.

అక్కడే ఫింటాస్ అనే పేటలో మా కోనసీమ కుటుంబం ఒకటుండేది. చుట్టరికమేమీ లేకపోయినా, మా ఊరి పేరు వినగానే ఆ ఇల్లాలు నన్ను తమ్ముణ్ణి చేసేసుకుంది, ఆమె భర్త నాకు బావగారయ్యారు, శుక్రవారం వస్తే నా భోజనం వాళ్ళింట్లోనే. గోడౌన్లో గుమాస్తాగా చేసే బావగారు ఎన్నాళ్ళో కూడబెట్టి పన్నెండేళ్ళ పాత కారొకటి కొన్నారు. 1990 వేసవి మొదట్లో రేడియేటర్ కారుతోందని తెస్తే, ఇక అతుకు నిలవదు, కొత్తది వేయాల్సిందే, ముప్పై దినార్లవుతుందన్నాను. అందులో అబద్ధం లేదు. ఆయన మారుమాట లేకుండా డబ్బు నా చేతిలో పెట్టి, "మనోడి చెయ్యి పడ్డాక ఇంక చూసుకోవక్కర్లేదండి" అని పక్కవాళ్ళకు గొప్పగా చెప్పారు.

నేను కొత్తది వేయలేదు. మనవైపు లారీవాళ్ళు దారి మధ్యలో రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసి ఎలాగో ఊరు చేరుకునేవారు. కారడం ఆగుతుంది గానీ లోపలి సన్న గొట్టాలు పూడుకుపోతాయి, అది పూట గడుపుకునే ఉపాయమే తప్ప రిపేరు కాదు. నేను పసుపు పోసి, పైన నల్లరంగు కొట్టి, కొత్తదని చెప్పి బండి అప్పజెప్పాను. ఆ పసుపు కూడా కూరల్లో వేసుకోమని అక్క నాకు కట్టిచ్చిందే. ఆ డబ్బుతో పెద్ద టేప్ రికార్డర్ కొనుక్కున్నాను. ఆకలికి చేసిన పాపమైనా కొంత నయం, నాది సోకుకి చేసిన పాపం.

ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ బండి బాగానే నడిచింది. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. షెడ్డు మూతపడింది, నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఎటు పోయాడో తెలియదు. కొన్ని వారాలు రొట్టె కోసం వరసల్లో నిలబడ్డాక, జోర్డాన్ చేరితే విమానం దొరుకుతుందని విని, కార్లున్నవాళ్ళు ఇరాక్ మీదుగా బయల్దేరడం మొదలుపెట్టారు. బావగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. తమ్ముడు పక్కనుంటే బండి గురించి భయం లేదని అక్క అన్నదట. చెప్పేయాల్సింది అప్పుడే. మాట నోటిదాకా వచ్చింది కూడా. చెబితే నన్ను వదిలేసి పోతారేమోనని మింగేశాను. పైగా డిక్కీలో ఇంకో నీళ్ళ డబ్బా పట్టే చోట నా టేప్ రికార్డర్ సర్దాను.

బాగ్దాద్ దాటి ఎడారిలో పడ్డాక వేడి చూపించే ముల్లు ఎర్రగీతను తాకింది. ఇంజను వేడి లాగడానికి కారు లోపల హీటర్ పెట్టమన్నాను, ఆ మండుటెండలో, వెనక సీట్లో ఇద్దరు ఆడపిల్లల్ని పెట్టుకుని. అరగంటకోసారి ఆగడం, బానెట్ ఎత్తడం, చల్లారాక నీళ్ళు పోయడం. పోసేవి మేం తాగాల్సిన నీళ్ళే. నాలుగేళ్ళ చిన్నది మొదట్లో డబ్బా వంక చూసి ఏడ్చేది, మధ్యాహ్నానికి ఏడుపు కూడా మానేసి తల్లి ఒళ్ళో వాలిపోయింది. ఆఖరి డబ్బాలో అడుగున మిగిలిన నీళ్ళను అక్క డబ్బా మూతతో తలా కాస్త పోస్తూ నా దాకా వచ్చింది.

"తాగు తమ్ముడూ, పొద్దుట్నుంచీ ఆ ఇంజనుతో నువ్వే కదా చస్తున్నావు."

"నాకొద్దక్కా, చిన్నదానికి పట్టు" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది గానీ, ఆ నీళ్ళు పుచ్చుకోవడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రానికి ఎలాగో సరిహద్దు శిబిరం చేరాం. గుడారంలో డాక్టరు చిన్నదానికి సెలైన్ ఎక్కించి, ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. దేవుడి దయ, దక్కింది. కారుని అక్కడే వదిలేశాం, దాని బానెట్ కింద ఏముందో ఇక ఎవరూ చూడలేదు.

పోయిన నెల ఆ చిన్నదాని కూతురి ఓణీల వేడుకకు అమలాపురం వెళ్ళాను. బావగారు లేరిప్పుడు. అక్క అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని మనవరాళ్ళకు చెప్పింది, "ఈ తాతయ్యే లేకపోతే మీ అమ్మ ఉండేది కాదర్రా. తను గుక్కెడు నీళ్ళు ముట్టకుండా మీ అమ్మకి పట్టించాడు." పిల్లలు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టారు. నేను తల వంచుకుంటే, ఎంత వినయమోనని ఎవరో అన్నారు.

ఆ రోజుల్లో మనవాడంటే చాలు, తాళంచెవి చేతిలో పెట్టేసేవాళ్ళం, ఇప్పుడా నమ్మకాలేవీ అని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తారు. నేనూ తలూపుతాను. ఆ నమ్మకాన్ని నమిలి మింగినవాళ్ళలో నేనూ ఒకణ్ణని చెప్పను. అక్కకు డెబ్బై దగ్గరపడుతోంది. ఆనాడే చెప్పి ఉంటే నాలుగు తిట్టి, ఆ పూటకే క్షమించేదేమో. ఇప్పుడు చెబితే ఇన్నేళ్ళుగా ఆమె గర్వంగా చెప్పుకుంటున్న తమ్ముణ్ణి ఆమెకు లేకుండా చేసినట్టవుతుందని ఊరుకుంటున్నాను. అలాగని నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, కారెక్కనివ్వరేమోనని ఆనాడు నోరు మూసుకున్నదీ, ఇప్పుడు మూసుకుంటున్నదీ ఒకే పిరికితనం.