ఇప్పెయ్ అనే గొంతు

మా అత్త పోయింది. పుంగనూరులో కూతురింట్లో నాలుగు రోజులుండి వస్తానని ఊలు సంచీతో సహా బస్సెక్కిన మనిషి తిరిగి మదనపల్లెకు రాలేదు. పొద్దున్నే మా ఆడబిడ్డ ఫోను చేసి, "వదినా, ఎంత లేపినా అమ్మ లేస్తాలేదు" అంది.

పోయినవాళ్ల గురించి అందరూ ప్రేమగా రాస్తారు. నేను మాత్రం ముందు భయం గురించే చెప్పాలి, ఎందుకంటే ఆమె ఉన్నన్నాళ్లూ నాకు ఆమె అంటే భయమే. కోప్పడేది కాదు, తిట్టేది కాదు. నేను అల్లుతుంటే వెనక నిలబడి చూసేది. ఎక్కడో ఒక కుట్టు జారి ఉంటుంది కదా, "ఇప్పెయ్" అనేది. ఆ ఒక్క మాటే. అంతే, సాయంత్రమంతా అల్లింది పోయి ఒళ్లో ఊలు కుప్ప మిగిలేది. ఏడుపొచ్చేది, ఒళ్లు మండేది కూడా.

"ఎవురు సూస్తార్లే అత్తా?" అంటే, "ఏస్కున్నోడు సూస్తాడు. అద్దం ముందర నిలబడితే వాని కన్ను ఆడికే పోతాది" అనేది.

ఊలుండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసుకుని దారం లాగేది. నేను భయపడుతూ అల్లుతుంటే నా వైపు చూడకుండానే కనిపెట్టేది. "భయంతో అల్లితే కుట్టు బిగుస్తాదిమ్మే. పొయ్యి కాఫీ తాగి రా." ఆ భయం ఎవరి వల్లో ఆమెకు తెలియదా? తెలిసే ఉంటుంది, మహాతల్లి! అయినా ఈ వేళ్లకు పని వచ్చిందంటే ఆ "ఇప్పెయ్" చలవే. కాదంటే కళ్లు పోతాయి.

మగవాళ్ల స్వెట్టర్ల గురించి ఆమెకు ఒక దిగులుండేది. బూడిద రంగు, నీలం, మళ్లీ బూడిద రంగు. "ఆడోల్లకైతే అన్ని రంగులూ అడగతారు. మొగోల్లేం పాపం సేసినారు?" అని గొణిగేది. ఈ ఏడు దసరా అయ్యాక కుప్పం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అక్కడ మగవాళ్ల రెడీమేడ్ బట్టల కొట్టు అతనిది. ఫోనులో బొమ్మ చూపించాడు. ఆవపువ్వు పసుపు మీద ఎర్రటి మెలికలు, భుజాలు జారిన వదులు స్వెట్టర్, దానికి జోడుగా మోకాళ్లదాకా వేలాడే మఫ్లరు.

"సలికాలమంతా కొట్టు ముందర నేనే ఏస్కోని నిలబడతానవ్వా. ఇప్పుడంతా ఇదే నడస్తాండాది" అన్నాడు.

"ఇదేందప్పా, దీంట్లో ఇద్దురు దూరొచ్చు!" అని నవ్వింది అత్త. కానీ ఆ కళ్లు చూడాలి, పండక్కి కొత్తబట్టలు చూసిన పిల్ల కళ్లే.

కర్మ అయ్యాక ఆడబిడ్డ ఆ ఊలు సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. కుప్పం కుర్రాడు అడిగిన మఫ్లరు అయిపోయింది. స్వెట్టరుకు ముందూ వెనకా అయ్యాయి. ఒక చెయ్యి అయింది. రెండోది మొదలే కాలేదు. అయిన చేతిని వెలుతురులో పట్టి చూశాను. మోచేతి దగ్గర, పైకి లేచి దిగాల్సిన ఎర్ర మెలిక తిన్నగా అడ్డగీతలా పోయి, తర్వాత మళ్లీ మెలికలు తిరిగింది.

ఆమె చేతిలో తప్పా? కళ్లు కనిపించలేదా, వేళ్లు తిరగలేదా, ఎవరికీ చెప్పకుండా అట్లాగే అల్లుతూ కూర్చుందా?

ఇప్పేస్తే ఆమె చివరగా అల్లింది పోతుంది. ఇప్పకపోతే కుప్పంలో కొట్టు ముందర నలుగురూ చూసి ముసలామె చెయ్యి చెడిందంటారు. రెండింటికీ భయమే. కత్తెర తీసి ముడి దగ్గర పెట్టి, మళ్లీ దించేశాను. ఇంతలో కుర్రాడు ఫోను చేసి, "అవ్వ సంగతి తెలిసిందక్కా. నిదానంగా అల్లండి" అన్నాడు. ఆ మంచి మాటకు ఇంకా భయమేసింది.

చివరికి కాఫీ పెట్టుకుని తాగి రెండో చెయ్యి మొదలుపెట్టాను. మోచేతి దాకా వచ్చాను. రెండు చేతులూ జోడుగా ఉండాలని, ఆమె తిన్నగా పోనిచ్చిన చోటే నేనూ తిన్నగా పోనిచ్చాను. తెలిసి తెలిసి తప్పు అల్లడం నాకదే మొదలు. ప్రతి కుట్టుకూ వీపు జలదరించింది. వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాలలేదు.

కుర్రాడు వచ్చి మా నడవలోనే తొడుక్కుని, మఫ్లరు మెడకు చుట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చూపు సరిగ్గా ఆడికే పోయింది. రెండు చేతులూ ఎత్తి పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఈడ గీత తిన్నగా పోయినాదే. బొమ్మలో ఇట్ల లేదు కదక్కా?"

"లేదప్పా. అది మా అత్తది" అన్నాను.

ఒక చేత్తో ఆ గీతను మెల్లగా తడిమాడు. "అట్లే ఉండనీక్కా" అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా గడపలో నిలబడ్డాను. ఎండలో ఆ పసుపు, మోచేతుల మీద తిన్నగా రెండు ఎర్ర గీతలు. ఒళ్లంతా చెవులు చేసుకుని వెనక నుంచి ఆ మాట వస్తుందేమోనని చూశాను. ఎవరూ "ఇప్పెయ్" అనలేదు. అప్పుడేసింది అసలు భయం.