మాస్టారింట్లో మంగళవారాలు

మాస్టారు పోయారు. పోయిన నెల ఒక బుధవారం ఉదయం, ఇక్కడే ఐర్లండులో, డ్రోహెడా ఆసుపత్రిలో. ఆయన అన్న కొడుకు ఫోన్ చేసి రెండు ముక్కలు చెప్పాడు. నిద్రలోనే పోయారని, బాధ పడలేదని. నేను ఫ్యాక్టరీలో మీటింగులో ఉన్నాను. బయటికి వచ్చి విన్నాను. సరే అన్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళి కూర్చున్నాను. మా ఆవిడ పోయినప్పుడు కూడా డాక్టరుతో సరే అనే అన్నాను. అలాంటప్పుడు నాకు ఇంకో మాట రాదు.

ఆయన ఐరిష్ మనిషి, తొంభై నాలుగేళ్ళు. మా వీధి చివరి ఇల్లు. ఇంగ్లండులో ముప్ఫై ఏళ్ళకు పైగా చిత్రకళ లెక్చరరుగా పనిచేసి, రిటైరయ్యాక పుట్టిన ఊరి దగ్గరికి తిరిగొచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. మీలో కొందరు ఆయన్ని మన తెలుగు సంఘం ఉగాది సభలో చూసే ఉంటారు.

ఇది రాయడంలో నా స్వార్థం కూడా ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాను. మా ఆవిడ తన ఆఖరి శీతాకాలంలో ప్రతి మంగళవారం ఒక గంట ఆయనింట్లో గడిపింది. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ గంటలో ఆయన ఆమె బొమ్మ గీశారని నేను నమ్మాను. ఆ బొమ్మ కోసం రెండేళ్ళు ఎదురు చూశాను.

ఆయనకి మాస్టారని పేరు పెట్టింది మా ఆవిడే. మేం ఈ వీధిలోకి వచ్చిన మొదటి వారం చెత్త బయట పెట్టే రోజున తప్పు డబ్బా పెట్టాం. ఆయన చేతికర్రతో వచ్చి, తలుపు తట్టి, మాట్లాడకుండా ఆకుపచ్చ డబ్బాని వేలితో చూపించారు. ఆవిడ టీ ఇచ్చింది. ఏం పని చేసేవారని అడిగితే బొమ్మలు నేర్పేవాణ్ణన్నారు. "అయితే మాస్టారన్నమాట" అంది. ఆ మాటేమిటని ఆయన అడిగారు. మాస్టరుకి మర్యాద కలిపితే మాస్టారవుతుందని చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వారు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో బడిపంతుల్ని కూడా 'ద మాస్టర్' అనేవారట. ఆ బెత్తానికి భయపడే ఇంగ్లండు ఓడెక్కారట.

"అంత దూరం పారిపోయి చివరికి ఆ మనిషినే అయ్యానా" అన్నారు.

ఓడెక్కేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగైదేళ్ళయింది. పగలు ఇటుకలు మోశారు. సాయంత్రాలు ఆర్ట్ స్కూలు. తర్వాత ఉత్తరాన ఒక మిల్లుల ఊళ్ళో, కాలేజీలో ఉద్యోగం. ఆ రోజుల గురించి ఆయన చెప్పే కథలన్నీ చిన్నవి. పెద్ద గదికి ఒకటే బొగ్గు పొయ్యి ఉండేదట. కదలకుండా కూర్చునే మోడల్‌కి పొయ్యి వైపు చెయ్యి ఎర్రగా, అవతలి చెయ్యి నీలంగా కనిపించేదట. రంగుల పాఠం వేరే చెప్పాల్సిన పని లేకపోయిందనేవారు. ఇంకా రేషన్ నడుస్తున్న కాలం. ఒకరోజు గీయడానికి బల్ల మీద ఆపిల్ పెట్టి, పక్క గదికి వెళ్ళి వచ్చేసరికి తొడిమ మిగిలింది. ఎవరు తిన్నారని ఆయన అడగలేదు. తొడిమ గీయమన్నారు. ఆ ఏడాది క్లాసులో బాగా వచ్చిన బొమ్మలు అవేనట.

మేం మొదట్లో డబ్లిన్‌లో, సిటీవెస్ట్ చుట్టూ అద్దె ఇంటి కోసం మూడు నెలలు తిరిగాం. మా ఆవిడ ఆ సంగతి చెబితే ఆయన తన గది కథ చెప్పారు. ఇంగ్లండులో ఐరిష్ వాళ్ళకి గదులు లేవని కిటికీల్లో అట్టలు కట్టిన రోజులవి. ఆయనకి గది ఇప్పించింది అదే కాలేజీలో మట్టిపాత్రలు నేర్పే ఒకావిడ. వాళ్ళ అమ్మగారి ఇంట్లో మేడ మీద. ఆ స్నేహం డెబ్భై ఏళ్ళు నిలిచింది. ఆవిడ ఇంగ్లండులోనే ఉన్నారు. ప్రతి ఆదివారం పదకొండింటికి ఫోన్ చేసేవారు. ఫోన్ ఎత్తితే పోట్లాటే. ఆవిడ ఎప్పుడో చేసిచ్చిన కప్పు పిడి వంకరని ఆయన, నీ వేలే వంకరగా ఉంటే దానికి సరిపడా చేశానని ఆవిడ. అరగంట వాదించుకుని, ఫోన్ పెట్టేసి, ఆయన ఆ కప్పులోనే టీ తాగేవారు.

ఉగాదికి పిల్లల బొమ్మల పోటీ పెట్టి ఆయన్ని జడ్జిగా పిలిచాం. బల్లల నిండా కొండలు, కొండల మధ్య సూర్యుడు. ఆయన వాటన్నిటినీ దాటిపోయి, మసి పట్టి మధ్యలో చిరుగు పడిన కాగితం ఒకటి తీశారు. ఎనిమిదేళ్ళ పిల్ల తన అమ్మమ్మ ముక్కు గీయబోయి, తుడిచి తుడిచి కాగితానికి కన్నం పెట్టింది. దానికే మొదటి బహుమతి అన్నారు. నిర్వాహకులు మొహమొహాలు చూసుకున్నారు. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఆ పిల్ల పక్కన కూర్చున్నారు.

"ఇక్కడ నువ్వొక్కదానివే నిజంగా చూశావు. కానీ తుడవకు. తప్పు గీత పక్కనే ఇంకోటి గియ్యి. తప్పు కళ్ళముందుంటేనే సరైనది ఎక్కడుందో తెలుస్తుంది."

"గ్రాండ్" అంది ఆ పిల్ల, సరే అనడానికి ఇక్కడి పెద్దవాళ్ళు అన్నట్టే.

ఆ మరుసటి ఏడాది మా ఆవిడకి జబ్బు బయటపడింది. అక్టోబరు నాటికి వీధి చివరిదాకా నడవలేకపోయింది. మంగళవారం నేను ఇంటి నుంచి పనిచేసే రోజు. మూడింటికి మాస్టారింటికి తీసుకెళ్ళమని అడిగింది. నాలుగడుగుల దూరానికి కారు తీశాను. తలుపు దగ్గర ఆగి, నా వైపు తిరిగింది.

"మీరు కారులో కూర్చోండి. గంటలో వచ్చేస్తా."

"నేను లోపల ఓ మూల కూర్చుంటాలే. మాట్లాడను."

"వద్దండీ. మీరుంటే నన్నే చూస్తూ కూర్చుంటారు."

నిజమే. ఆ రోజుల్లో నేను ఆమెను చూడటం తప్ప మరో పని చేయలేదు. ఎంత తింది, ఎంత దగ్గింది, కళ్ళ కింద రంగు ఎలా ఉంది. నేనే కాదు, నర్సులు, డాక్టర్లు, వీడియో కాల్‌లో వాళ్ళ అక్కలు, అందరూ. అది నాకు అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే. నేను చూస్తే వద్దు, మాస్టారు చూస్తే పర్వాలేదా? గంట తర్వాత వచ్చినప్పుడు చేతులకి బొగ్గు మసి ఉండేది. మాస్టారింట్లో కుర్చీలన్నీ మసేనని చెప్పేది. ఆ పూట చారన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేది. అందుకని నేనేమీ అడగలేదు. కారులో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి మెయిళ్ళు చూసుకునేవాణ్ణి. కొన్నిసార్లు నిద్రపోయేవాణ్ణి. ఆమెకన్నా నేనే బాగా నిద్రపోయిన శీతాకాలం అది.

ఫిబ్రవరిలో పోయింది. ఇక్కడి పద్ధతిలో వీధి వాళ్ళంతా వరసగా వచ్చి చెయ్యి కలిపి, మీ కష్టానికి చింతిస్తున్నామని ఒకే మాట అన్నారు. మాస్టారు నా పక్కన నిలబడ్డారు. వాళ్ళు ఆయనతో కూడా చెయ్యి కలిపి అదే మాట ఆయనకీ చెప్పారు. ఆయన ఎవరికీ తను చుట్టం కాదని చెప్పలేదు.

తర్వాత మంగళవారాలు నన్నే రమ్మన్నారు. ఈసారి లోపలికి. వంటింట్లో కూర్చునేవాళ్ళం. ఆయన టీ పెట్టేవారు. ఒకసారి అడిగాను, ఆమె బొమ్మ ఉందా అని. ఫోన్ నిండా ఫోటోలున్నాయి. అన్నిటిలో ఆమె ఫోటో కోసం నవ్వుతుంది. నాకు కావలసింది ఆ గంటలో ఉన్న మనిషి.

"చూపించనని ఆవిడకి మాటిచ్చాను" అన్నారు మాస్టారు. నేను ఇంకోసారి అడగలేదు.

ఆయన పోవడానికి మూడు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్ళాను. దుప్పటి మీద వేలితో ఏదో గీస్తున్నారు. నన్ను గుర్తుపట్టారు. గొంతు సన్నబడింది.

"ప్రెస్‌లో ఉంది. మాట తప్పుతున్నాను. తీసుకో."

ఇంకేమీ చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు.

మాస్టారి ఇంటి వెనక షెడ్డులో ముద్రలు వేసే పాత యంత్రం ఉంది. రాగి రేకుల మీద చెక్కిన బొమ్మల్ని కాగితం మీదికి దింపడానికి. దాన్ని ఆయన ప్రెస్ అంటారు. ఖననం అయ్యాక అన్న కొడుకు తాళం చెవి ఇచ్చాడు. ఇల్లు ఖాళీ చేసే మనుషులు సోమవారం వస్తారు, ఈలోగా చూసుకోమన్నాడు. శనివారం అంతా ఆ షెడ్డులో గడిపాను. యంత్రం చక్రం తిప్పాను. రోలరు కింద ఉన్ని గుడ్డలు తీసి దులిపాను. సొరుగులు లాగాను. తుప్పు పట్టిన మేకులు, గట్టిపడిన సిరా సీసా. ఆదివారం పొద్దున వానగా ఉంటే కారులో మళ్ళీ వెళ్ళి నేల చెక్కలు కూడా లేపి చూశాను. ఏమీ లేదు. ఆసుపత్రిలో ఆయనకి మతి తప్పి ఉంటుందని అనుకున్నాను. ఇంకొక్క రోజు. ఆ తర్వాత అన్నీ లారీలోకి పోతాయి.

వంటింట్లో చెయ్యి కడుక్కుంటుంటే మాస్టారి ఇంటి ఫోన్ మోగింది. పదకొండు. మట్టిపాత్రల ఆవిడ. ఆయన పోయిన సంగతి ఆవిడకి తెలుసు. ఆదివారం కదా, వేలు దానంతటదే నంబరు నొక్కేసిందని, ఎవరూ ఎత్తరనుకున్నానని చెప్పారు. నేను ఆ ఇంట్లో ఎందుకున్నానో చెప్పాను. ఆయన అన్న మాట చెప్పాను.

"ప్రెస్ అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

అవునన్నాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు మధ్యలో ఏడుపైంది. తేరుకుని చెప్పారు. కాలేజీలో ఆయన మొదటి టర్మ్. ఊరికి ఓడ పట్టుకోవాలనే తొందరలో, బొమ్మలన్నీ ప్రెస్‌లో పెట్టేయండని పిల్లలకి చెప్పి వెళ్ళిపోయారు. ఐర్లండులో అల్మరాని ప్రెస్ అంటారు. ఇంగ్లండు పిల్లలకి అది తెలియదు. ఇరవై బొగ్గు బొమ్మల్నీ దొంతరగా పేర్చి, ముద్రల యంత్రంలో పెట్టి, చక్రం తిప్పారు. ఒకదాని మీది మొహం ఇంకోదాని మీదికి దిగింది. ఏడాదిపాటు స్టాఫ్ రూములో అందరూ అదే చెప్పుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన ఆ అర్థంలో ఆ మాట వాడలేదు. ఇక్కడికి తిరిగొచ్చాక కూడా.

నేను ఐర్లండులో పదిహేనేళ్ళుగా ఉన్నాను. అల్మరాని ప్రెస్ అంటారని నాకూ తెలుసు. కానీ ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

"చివరికి వాళ్ళమ్మ వాడిన మాటకే తిరిగి వెళ్ళిపోయాడు" అన్నారు ఆవిడ. తర్వాత గొంతు సవరించుకుని అడిగారు. "ఆ ఇల్లంతా చెమ్మే కదా, కాగితాలు వెచ్చగా ఉండే చోటే పెడతాడు. వేడి నీళ్ళ ట్యాంకు ఎక్కడుంది?"

మేడ మీద, స్నానాల గది పక్కన. ఆ ట్యాంకు ఉండే అల్మరాని ఇక్కడ హాట్ ప్రెస్ అంటారు. తువ్వాళ్ళు పెట్టుకుంటారు. మాస్టారి తువ్వాళ్ళ కింద నాడా కట్టిన వెడల్పాటి అట్ట ఫోల్డరు ఉంది. వెచ్చగా ఉంది.

కిందికి తెచ్చి, ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని విప్పాను.

మొదటి కాగితం మీద కెటిల్. రెండో దాని మీద మాస్టారి బూట్లు. వెనక్కి తిప్పి చూశాను. ఆమె లేదు. ఇవి ఎవరో విద్యార్థివి అనుకున్నాను. గీత వణుకుతోంది. ఎక్కడా తుడవలేదు, ఒక్కో అంచుకి మూడు నాలుగు గీతలున్నాయి. అప్పుడు మూలన సన్నగా 'మంగళవారం' అని తెలుగులో కనిపించింది. మా ఆవిడ చేతిరాత.

ఆయన ఆమెను గీయలేదు. గీసింది ఆమె. అందరూ తననే చూస్తున్న ఆ శీతాకాలంలో మాస్టారు ఆమెకి చూడటం నేర్పారు. ఆ రుణం ఆయన బతికుండగా నాకు తెలియలేదు.

మూడో కాగితం నుంచి వస్తువులు లేవు. కిటికీ చట్రం, రోడ్డు, కారు, కారులో మనిషి. ల్యాప్‌టాప్ మీదికి వంగి. కళ్ళద్దాలు తుడుచుకుంటూ. అరటిపండు తింటూ. తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతూ. అన్నీ నేనే. ఒక్కదాంట్లోనూ నేను ఇటు చూడటం లేదు.

చివరి కాగితం మీద బొగ్గు చాలా పలచగా ఉంది. మెడ దగ్గర అయిదు గీతలు. కింద రాసింది: "మెడ కుదర్లేదు. వచ్చే వారం మళ్ళీ."

తలెత్తాను. కిటికీ అవతల సన్నగా వాన. రోడ్డు మీద నా కారు. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. స్టీరింగు వెనక ఎవరూ లేరు.