వేప మీది తిప్పతీగ

మా కాలేజీ సంస్కృతం సారు పోయారన్న కబురు నాకు చిట్యాల బస్టాండులో తెలిసింది. ఫోన్ చేసింది మా ఇద్దరి దగ్గరా చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు హైదరాబాదులో మందు మొక్కల మీద పరిశోధన చేస్తోంది. "సంస్కృతం సారు పోయిండు సార్" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పోయినా ఇట్లా ఏడుస్తుందా అన్నదే నాకు వచ్చిన మొదటి ఆలోచన. ఆయన ఉన్నన్నాళ్లూ కుళ్లుకున్నాను, పోయాక కూడా మానలేకపోయాను.

రామన్నపేటలో నేను కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. సైన్సు పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కుల కోసమే. అయినా ఆయన సిలబస్ ముగించి పాత వైద్యగ్రంథం తెరిచారంటే నా ల్యాబు ఖాళీ. నన్ను అడగాల్సిన ప్రశ్నలు ఆయన్ని అడిగేవారు. కడుపు మండదా?

ఎవరైనా "మన గ్రంథాలల్ల అన్నీ ఉన్నయి" అంటే ఆయనకు నచ్చేది కాదు. "చూసినవా? చూసి చెప్పు. పాతదని మొక్కకు, పాతదని పారెయ్యకు" అనేవారు.

వేపచెట్టుకు పాకిన తిప్పతీగకే గుణమెక్కువని ఆయన ఒకసారి క్లాసులో చెప్పారు. ఆ అమ్మాయి పెద్దయ్యాక దాన్నే పరీక్షకు పెట్టింది. మొదటి విడతలో వేప మీది తీగకూ, గోడ మీది తీగకూ తేడా కనబడలేదు. ఆయన ముఖం ఎట్లా వాడిపోతుందో చూద్దామని స్టాఫ్‌రూంలో కాచుకుని కూర్చున్నాను. ఆయన లడ్డూల డబ్బాతో వచ్చారు.

"బిడ్డ ఉన్నది ఉన్నట్టు చెప్పింది సారూ! మళ్ల చెయ్యమన్న. అప్పుడు గూడ రాకుంటే రాలేదనే రాయమన్న. గట్ల రాసుడు మీరు నేర్పిందే. తినుండ్రి."

ఓడిన రోజైనా నాకంటే చిన్నగా కనబడొచ్చు కదా ఆ మనిషి! లడ్డు సగం తిని పక్కన పెట్టాను. కానీ నా చదువుకు అంత విలువ ఇచ్చినవాళ్లు ఇంకొకరు లేరు.

దినం నాడు ఆ అమ్మాయి వచ్చింది. భోజనాలయ్యాక సారు వాళ్ల వాకిట్లో వేపకు పాకిన తిప్పతీగ కొంచెం కోసి సంచిలో పెట్టుకుంది.

"మళ్ల చేస్తున్న సార్. పోల్చి చూసేతందుకు గోడ మీది తీగ గావాలె. మీ ఇంటికాడ ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా" అన్నాను. లేదు.

"అయితే వానకాలం పోయినంక వస్త సార్."

అందరూ వెళ్లాక ఆయన తీగలోంచే ఒక ముక్క కోసుకొచ్చి మా ప్రహరీ పక్కన నాటాను. ఆయన చెట్టు దగ్గరికి వచ్చిన పిల్ల మా గోడ దగ్గరికీ రావాలి కదా. రోజూ నీళ్లు పోస్తున్నాను. నిన్న పొద్దున చిగురు గోడను పట్టుకుంది.