సైటుకి బోణీ

మా చేపల సైటుకి మొట్టమొదటి మనిషి వచ్చిన రోజు నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. కంప్యూటర్ తెర మీద ‘ఇప్పుడు సైటులో ఉన్నవారు’ అన్న చోట ఎప్పుడు చూసినా సున్నాయే ఉండేది. ఆ పొద్దున అది ఒకటి అయింది.

"అత్తా, వచ్చారు! ఎవరో వచ్చారు!" అని అరిచాను.

మా అత్త మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయి వంటింట్లోంచి వచ్చేసింది.

"ఆడమనిషా, మగమనిషా?"

"అది చెప్పదత్తా."

"పోనీ ఏ ఊరంట?"

"విజయవాడే."

"మన ఊరోళ్ళే! ఏం చూత్తన్నారు?"

"చేప జిగురు వదిలించే పేజీ."

అత్త పమిట సర్దుకుని, జుట్టు ముడి బిగించుకుని, తెరకి ఎదురుగా నిలబడింది. వచ్చిన మనిషి తర్వాత ఏ పేజీకి వెళ్తే బాగుంటుందో చూద్దామని నేను చేతిలో ఉన్న ఫోనులో పులుసు పేజీ నొక్కాను. ఏం విచిత్రమో, తెర మీద ఆ మనిషి కూడా పులుసు పేజీకే వెళ్ళింది. నేను వేపుడు పేజీ నొక్కాను. ఆ మనిషీ వేపుడుకే వెళ్ళింది. "అత్తా, ఈవిడ ఆలోచన అచ్చం నాలాగే ఉంది!" అంటూ చేతిలో ఉన్న ఫోను వంక చూసుకున్నాను. ఆ వచ్చిన మనిషిని నేనే.

పేపరు చదువుకుంటున్న మా ఆయన ఆ పేపరు వెనకాల నవ్వటం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా ముద్ద నోట్లో పెట్టుకుని నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి రెండోసారి పప్పు వెయ్యలేదు.

అసలు ఈ సైటు ఎందుకు పెట్టానో చెప్పాలి. మా అత్తది బందరు దగ్గర సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇల్లు. పెళ్ళయ్యాక విజయవాడ వచ్చి చేపల మార్కెట్లో గంప పెట్టుకుని కూర్చుంది. జనం ఆమె దగ్గరికి చేప కోసం ఎంత వచ్చేవాళ్ళో ఆమె నోటి కోసం అంత వచ్చేవాళ్ళు. చేప కొన్నవాళ్ళకి అది ఎలా కడగాలో, ఎలా కొయ్యాలో, ఏ కాయ వేసి వండాలో ఊరికే చెప్పేది. సరిగ్గా వినకపోతే ఊరికే తిట్టేది కూడా. "పోయిన వారం పులుసులో గరిటె పెట్టి కలిపావంట కదా, ముక్కలన్నీ చెదిరి ముద్దయిపోయాయంట కదా, నాకు తెలీదనుకున్నావా" అని పెద్ద ఆఫీసర్ల భార్యల్ని కూడా నిలబెట్టి అడిగేది. వాళ్ళు నవ్వుకుంటూ మళ్ళీ వారం వచ్చేవాళ్ళు.

మోకాళ్ళు అరిగిపోయి, ఇక కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాక, ఆమెని పటమటలో మా ఫ్లాటుకి తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తల్లో బాగానే ఉంది. పోను పోను మాట తగ్గిపోయింది. అడిగిన దానికి జవాబు, అంతే. నేను కూర మాడ్చినా ఏమీ అనేది కాదు. నాకూ మా అత్తకీ పడదని చుట్టాలందరి నమ్మకం. పడకపోవటం నిజమే గానీ, ఆమె నన్ను తిట్టటం మానేశాక ఆ ఇంట్లో నాకు తోచలేదు. భయం కూడా వేసింది.

ఒక ఆదివారం నేను బొమ్మిడాయిలు కడుగుతున్నాను. అవి పాముల్లా పొడుగ్గా, జిగురుగా ఉండే చేపలు. ఎంత పట్టుకున్నా చేతిలోంచి జారి సింకులో పడుతున్నాయి. అత్త చూసి చూసి ఇక ఉండబట్టలేక లేచింది. "చేపని కడుగుతున్నావా, పసిబిడ్డకి నీళ్ళు పోత్తన్నావా? బూడిద లేకపోతే ఉప్పూ తవుడూ వేసి గట్టిగా రుద్దు!" అని మొదలుపెట్టి, పులుసు దించేదాకా ఆపలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ మాటలన్నీ రాసిపెట్టి ఇంటర్నెట్లో పెడితే ఆమెకి మళ్ళీ గిరాకీ వస్తుంది కదా అనిపించింది. వీడియో పాఠాలు చూసి సైటు చెయ్యటం నేర్చుకున్నాను. ఆమె చెప్పటం, నేను టైపు చెయ్యటం. ఒప్పుకుంది గానీ ముందే ఒక మాట అనేసింది.

"ముందు నాలుగు కూరలు చెప్తాను. ఆపైన బయటోళ్ళు వత్తేనే. ఎవరూ రాని చోట కూచుని అరవటానికి నాకేమన్నా పిచ్చా?"

అందుకే నాకు ఆ విజిటర్ల లెక్క మీద అంత పట్టింపు. సైటుకి ఎవరొచ్చారో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఎంతసేపు ఉన్నారో చూపించే ప్రోగ్రాం ఒకటి తగిలించాను. నిద్ర లేవగానే దేవుడి పటం కంటే ముందు ఆ గ్రాఫు చూసేదాన్ని.

నేనే నా సైటుకి వచ్చి గంతులేసిన కొద్ది రోజులకే ఆ గ్రాఫు ఉన్నట్టుండి లేచింది. రోజూ తెల్లవారుజామున బిలబిలమంటూ పదీ పన్నెండు మంది! విజయవాడ, బందరు, గుడివాడ వైపు నుంచి కూడా. నేను గాల్లో తేలిపోయాను. పక్క ఫ్లాటావిడకి స్వీటు కూడా పంచాను. తర్వాత పక్కనే ఉన్న ఇంకో అంకె చూశాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారు. ఒక్క పేజీ తెరవటం, కళ్ళు మూసి తెరిచేలోగా మాయమవటం. దాన్ని బౌన్స్ రేటు అంటారని అత్తకి చెప్పాను.

"బౌన్సయ్యేది చెక్కులు కదే?"

"ఇంటర్నెట్లో మనుషులు కూడా అవుతారత్తా."

ఇక ఇల్లు పీకి పందిరి వేశాను. పై రంగు మార్చాను. అక్షరాలు పెద్దవి చేశాను. ఫోటోలు బరువెక్కువైతే పేజీ తెరుచుకోవటం ఆలస్యమై జనం విసుక్కుంటారని పాఠంలో చెప్పారు, బరువు తగ్గించాను. "బరువైన చేపని ఎవరన్నా వద్దంటారా?" అని అత్త ఆశ్చర్యపోయింది. ‘మత్స్య వంటకములు’ అన్న శీర్షిక తీసేసి ‘చేపల కూరలు’ అని పెట్టాను. ఏం చేసినా అంతే. తెల్లవారుజామున రావటం, మాయమవటం. "మీ ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చారా ఏంటి? అంత తొందరైతే రావటం దేనికి?" అని తెర వంక చూసి తిట్టేదాన్ని.

నా తిట్లు విన్న అత్త అసలు సంగతి అడిగింది. వచ్చినవాళ్ళు ఒక్క ముక్క కూడా చదవకుండా పోతున్నారని చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె మొహం చిన్నబోయింది.

"మార్కెట్లోనూ ఉంటారు ఇట్టాంటోళ్ళు. మొప్ప ఎత్తి చూసి, ధర కూడా అడక్కుండా పోతారు. చేప బాలేదనే గదా. ఇక చాల్లే. మూసెయ్ సైటు."

ఆ రోజు నుంచి ఒక్క కూర గురించీ చెప్పలేదు. నేను కావాలనే చింతపండు ఎక్కువ పోసి పులుసు పెట్టినా నోరు మెదపకుండా తినేసింది.

తర్వాత ఒక తెల్లవారుజామున మంచినీళ్ళ కోసం లేచాను. బాల్కనీలో అత్త గొంతు వినిపించింది. ఫోనులో బందరులో ఉన్న మా వదినతో, అంటే తన కూతురితో మాట్లాడుతోంది.

"తెరిచావా? ఊఁ. ఇక మూసెయ్. మూసెయ్ అంటంటే! ఎక్కువసేపు నిలబడకు. నువ్వయ్యాక మీ చిన్నత్తకి చెప్పు, ఆమె చెయ్యి కూడా మంచిదే. గుడివాడోళ్ళు తెరిచారంటనా?"

నాకు అర్థం కావటానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాపుకోలేక బాల్కనీలోకి వెళ్ళాను. బోణీ! మా అత్త మా సైటుకి బోణీ చేయిస్తోంది. మార్కెట్లో పొద్దున్నే గంప దించగానే చెయ్యి మంచిదన్న మనిషితో మొదటి బేరం చేయిస్తే ఆ రోజంతా గిరాకీ బాగుంటుందని ఆమె నమ్మకం. అలాంటి మంచి చేతులన్నిటినీ పోగుచేసి, రోజూ తెల్లారకముందే మా సైటు తెరిపించి మూయిస్తోంది. నేను పగబట్టినట్టు తిట్టిన ఆ బౌన్స్ రేటు అంతా మా చుట్టాలే.

"అంత తొందరగా మూసెయ్యమంటావేంటత్తా?" అని నవ్వు మధ్యలో ఎలాగో అడిగాను.

"బోణీ చేసినోళ్ళు అక్కడే నిలబడితే వెనకోళ్ళకి దారెట్టా?" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

"వాళ్ళందర్నీ మనుషుల కింద లెక్కేస్తోంది కదా ఇది!"

"బోణీని కూడా లెక్కేత్తదా మీ మిషను? దానికా మాత్రం తెలవదా?"

కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సైటు మూసెయ్యమన్నది ఈమే. మాట మానేసిందీ ఈమే. మోకాళ్ళ నొప్పితో చీకట్లో లేచి బోణీ మాత్రం ఆపలేదు. అంత ఆశ పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది. ఆమె మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను గానీ, పైకి మాత్రం "నా కొంప ముంచావు కదత్తా" అన్నాను.

తెల్లారాక లెక్కని రెండుగా విడగొట్టాను. లింకు పట్టుకుని నేరుగా వచ్చేవాళ్ళు ఒకవైపు, సెర్చ్‌లో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఇంకోవైపు. చుట్టాలందరూ మొదటి వైపు పోయారు. రెండో వైపు గ్రాఫు చూడటానికి భయమేసింది. కొండలా ఉన్న గీత కాస్తా నేలకి అంటుకుపోయింది. ఏమీ లేదనుకుని ఆపేయబోతూ ఇంకొంచెం దగ్గరగా చూశాను. నేల మీద అక్కడక్కడా చీమపుట్టల్లా లేచిన చోట్లు ఉన్నాయి. వాటి కింద వారాలు చదివాను. ఆదివారం. ఆదివారం. మళ్ళీ ఆదివారం.

"అత్తా! ఆదివారం లేస్తోంది!"

"మరి శనారం?"

"శనివారం పడుకుంది. అసలు ఎవరూ లేరు."

"శనారం పడుకుంటే మనోళ్ళేనే! నీసు ముట్టరు గదా! నిజం మనుషులే!" అని అత్త చప్పట్లు కొట్టింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఊగాం. ఆ చప్పుడుకి లేచొచ్చిన మా ఆయనకి ఎవరికి లాటరీ తగిలిందో అర్థం కాలేదు.

వాళ్ళు ఏ మాటలు టైపు చేసి వెతుక్కుంటూ వచ్చారో చూపించే జాబితా కూడా ఉంటుంది. అది తెరిచి, మార్కెట్లో కొనేవాళ్ళలా గొంతు పెంచి ఒక్కొక్కటే చదివాను.

"చేప నీచు వాసన పోవాలంటే?"

"మజ్జిగలో ఉంచి కడగమని చెప్పు!"

"రొయ్యలు గట్టిగా ఎందుకవుతాయి?"

"అంతసేపు ఉడికిత్తే నువ్వైనా గట్టిపడతావు! రంగు తిరగ్గానే దించెయ్!"

"గొంతులో ముల్లు గుచ్చుకుంటే?"

"అయ్యో, డాక్టరు దగ్గరికి పొమ్మను! సైటు చూత్తా కూచుంటాడేంటి తింగరోడు!"

ఆమె చెబుతూ పోయింది, నేను టైపు చేస్తూ పోయాను. ఆ రోజు నుంచి పేజీలకి పేర్లు పెట్టటం నేను మానేశాను. జనం ఏమని వెతికితే అదే పేరు, ఎవరో అడిగినట్టే. కింద జవాబు అత్తది, తిట్లతో సహా. ఆదివారం పుట్టలు వారం వారం పెరిగాయి. బోణీ మాత్రం మాననంది. సరే, వాళ్ళ లెక్క వేరే ఉంది కాబట్టి కానిమ్మన్నాను.

అయినా ఆమెకి ఒక కొరత ఉండిపోయింది. గ్రాఫు నిన్నటి మనుషుల్ని చూపిస్తుంది, ఆమెకి ఎదురుగా నిలబడ్డ మనిషి కావాలి. ఒక ఆదివారం వంట వేళకి తెర మీద ఒకటి వెలిగింది.

"ముందు నీ ఫోను కింద పెట్టు," అంది అత్త.

పెట్టాను. ఒకటి అలాగే ఉంది. మా ఆయన ఫోను కూడా లాక్కుని బల్ల మీద పెట్టాం. ఉంది. ఊరు చూస్తే సూరత్. మాకు అక్కడ చుట్టాలు లేరు. చూస్తున్నది బొమ్మిడాయిల పులుసు పేజీ. అత్త కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా చూస్తున్నాం. ఆ మనిషి వెళ్ళలేదు.

"వండుతోందే," అంది అత్త గుసగుసగా. ఆడమనిషని ఆమే తేల్చేసింది. "ఉల్లిపాయలు మాడనివ్వకు తల్లీ. మామిడికాయ ముక్కలు ఇప్పుడే వెయ్యకు, కరిగిపోతయి. ఊఁ, ఇప్పుడు చేపముక్కలు. గరిటె పెట్టకమ్మా, నీకు దణ్ణం పెడతాను, గిన్నె పట్టుకుని తిప్పు." తెరకి చెయ్యి అడ్డంపెట్టి మరీ ఆపుతోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చాలాసేపటికి ఒకటి పోయి సున్నా వచ్చింది. అత్త మొహం చూడాలంటే భయమేసింది.

"దించేసింది," అంది అత్త. ఆ గొంతులో దిగులు ఏ కోశానా లేదు. "ఇప్పుడు చేతులు పులుసులో ఉంటయి. ఫోను ఎట్టా పట్టుకుంటది?"

కాసేపు ఆ సున్నా వంకే తృప్తిగా చూసింది.

"నాకామె కనపళ్ళేదు. ఆమెకి నేను కనపళ్ళేదు. కూర మాత్రం ఉడికింది చూడవే."

కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఏంటట్టా గుడ్లప్పగించి నిలబడ్డావు? రాసుకో. రేపు పొద్దున ఆ పులుసు చద్దన్నంలోకి ఎట్టా వేడి చేసుకోవాలో ఆ పిల్లకి ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా? నీ మొహానికి అదొచ్చా?"

రాదన్నాను. రాసుకున్నాను. సాయంత్రందాకా చెబుతూనే ఉంది.